ఇంజిన్ వెనక... కథ ముందు!

"అయ్య బాబోయ్! ఈ కారుకి ఇంజిన్ లేదండోయ్! ఎవరో ఎత్తుకుపోయారు!"

టీ గ్లాసుల స్టాండు చేత్తో పట్టుకుని, తెరిచి ఉన్న బానెట్‌లోకి తొంగిచూసిన ఓ కుర్రాడు పెట్టిన కేక ఇది. చోటు గుడివాడలో ఓ మెకానిక్ షెడ్డు. కారేమో తాబేలు వీపులాంటి టాపు, ఆశ్చర్యపోయి చూస్తున్నట్టుండే గుండ్రటి హెడ్ లైట్లు ఉన్న ఫోక్స్‌వ్యాగన్ బీటిల్. 1965 మోడలు. షెడ్డులో ఉన్నవాళ్ళంతా పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు. మేస్త్రీగారు మాత్రం నవ్వలేదు. కుర్రాణ్ణి చెయ్యి పట్టుకుని కారు వెనక్కి తీసుకెళ్ళి, డిక్కీలాంటి మూత ఎత్తి చూపించారు.

"ఇదిగో, ఇక్కడుందిరా నీ ఇంజిన్! నువ్వు రోజూ ఎక్కే ఆటోకి ఎక్కడుంటుంది? వెనకే గదా! దీనికీ అంతే."

కుర్రాడు తల గోక్కున్నాడు. నిజం చెప్పొద్దూ, ఆ ఆటో ముక్క నాకూ అప్పుడే తట్టింది!

ఆటోకి పెద్దన్నయ్య

సినిమా పత్రికలో ఈ కార్ల గొడవేమిటని అడగబోతున్నారు కదూ? కాస్త ఆగండి. ఇందులో హీరో ఉన్నాడు, గతం ఉంది, తుఫాను ఉంది, తాతా మనవళ్ళ మధ్య పేచీ ఉంది. క్లైమాక్సులో ఓ ఎర్ర దీపం కూడా ఉంది!

ముందు హీరోగారి పరిచయం. జర్మనీలో 1930లలో ఫెర్డినాండ్ పోర్షే అనే ఇంజనీరు రూపం ఇచ్చిన కారు ఇది. ఇంజిన్ వెనక, సామానూ పెట్రోలు ట్యాంకూ ముందు. రేడియేటరు లేదు, నీళ్ళు పోసే పనే లేదు. నాలుగు సిలిండర్లు రెండేసి చొప్పున చెరో పక్కకీ పడుకుని ఉంటాయి. వాటిని చల్లబరిచేది గాలి ఒక్కటే. 2003 జూలై 30న మెక్సికోలోని ప్యూబ్లా ఫ్యాక్టరీలో ఆఖరి బండి తయారయ్యే నాటికి మొత్తం లెక్క 2 కోట్ల 15 లక్షలు దాటింది. ఒకే ఇంటిపేరుతో అంతమంది తోబుట్టువులన్న మాట!

వెండితెర మీదా ఇది మామూలు నటుడు కాదు. 1968లో డిస్నీ వాళ్ళు తీసిన 'ది లవ్ బగ్'లో 53వ నంబరు వేసుకుని, మనసున్న కారుగా నటించి, రేసు కార్లన్నిటినీ మట్టి కరిపించింది. ఆ 53 అంకె డాన్ డ్రైస్‌డేల్ అనే బేస్‌బాల్ ఆటగాడి చొక్కా మీదిది. అయితే ఇక్కడో రహస్యం ఉంది. వేగంగా దూసుకుపోయే సీన్ల కోసం వాడిన కారుకి పోర్షే ఇంజిన్ బిగించారు. అంటే మన హీరోలకి ఫైట్లలో డూపు ఉన్నట్టే, దాని గుండెకీ ఓ డూపు ఉందన్న మాట! (మన 'కారు దిద్దిన కాపురం' 1986లో వచ్చింది. కార్లకి సినిమాల్లో వేషాలు మన దగ్గరా కొత్త కాదు.)

ఇక మన ఊళ్ళ సంగతి. బజాజ్ వాళ్ళు వెనక ఇంజిన్ ఆటోని తెచ్చింది 1977లో. టాటా వాళ్ళ నానోకీ ఇంజిన్ వెనకే. 2008లో లోకానికి చూపించారు, 2018లో తయారీ ఆగిపోయింది. ఆ లెక్కన వెనక ఇంజిన్ మనకేమీ విచిత్రం కాదు. మన మేస్త్రీగారు చేతికి గ్రీజు పూసుకుని పని నేర్చుకున్నదే ఆ ఆటోల మీద. ఆటో ఇంజిన్‌నీ ఫ్యాన్ గాలే చల్లబరచాలి. ఆ విద్యే ఇప్పుడు అక్కరకొచ్చింది.

మద్రాసు నుంచి వచ్చిన కోడలు

ఈ కారు నా కాలేజీ మిత్రుడి తాతగారిది. డాక్టరుగారు. ఇప్పుడు ఎనభై అయిదేళ్ళు. 1971లో మద్రాసులో దేశం విడిచి వెళ్ళిపోతున్న ఓ దొర దగ్గర కొన్నారట. అప్పట్లో మన దేశంలో కారంటే అంబాసిడరూ, ఫియట్టూ, హెరాల్డూ. అందులో ఈ బుజ్జిముండని అవనిగడ్డ తీసుకొస్తే, చూడ్డానికి చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు కొత్త కోడలు దిగినట్టు వచ్చారట!

"మొదటిరోజు మా అమ్మ దీని ముందు కొబ్బరికాయ కొట్టి, నిమ్మకాయలు చక్రాల కింద పెట్టింది. ఇంజిన్ ముందే ఉందనుకుని బానెట్‌కి పసుపు రాసింది. నేను చెప్పలేదు, బాధపడుతుందని" అన్నారు డాక్టరుగారు నవ్వుతూ.

ఆ నవ్వు ఆగిపోయే రోజు కూడా వచ్చింది. 1977 నవంబరు 19.

దివిసీమ ఉప్పెన గురించి ఇంట్లో పెద్దవాళ్ళు చెప్పగా వినే ఉంటారు. సముద్రం ఊళ్ళ మీదికి నడిచొచ్చిన రాత్రి అది. అధికార్ల లెక్కలోనే దాదాపు 10 వేల మంది పోయారు. తర్వాత ఎన్టీ రామారావు, అక్కినేని నాగేశ్వరరావు ఇద్దరూ కలిసి జోలె పట్టి ఊరూరా తిరిగి బాధితుల కోసం విరాళాలు పోగుచేశారు. ఒకరిది నిమ్మకూరు, ఒకరిది గుడివాడ దగ్గర రామాపురం. ఈ నేల బిడ్డలే కదా!

డాక్టరుగారి కారు ఆ రాత్రి షెడ్డులోనే ఉంది. సీట్ల దాకా ఉప్పునీళ్ళు. నీరు తీశాక ఆయన చేసిన మొదటి పని స్పార్క్ ప్లగ్గులు ఊడదీయడం. సిలిండర్లలో నీళ్ళు బయటికి పంపి, ఆయిల్ మొత్తం దించి, కొత్తది పోసి, మళ్ళీ దించి... అలా మూడుసార్లు. "ఆ తర్వాత మందుల పెట్టెలు, పాలపొడి డబ్బాలు మోసింది. వెనకాల బరువుంది కదా, బురదలో వెనక చక్రాలు పట్టు దొరకబుచ్చుకునేవి. పెద్ద కార్లు దిగబడ్డ చోట ఇది లేచొచ్చేది" అన్నారు.

మంచంతీసుకున్న రోగిలా ఈ కారు షెడ్డు పట్టింది 1986లో. విడిభాగాలు దొరక్క. కుటుంబం గుడివాడ మారినప్పుడు కారునీ లారీ మీద తెచ్చేశారు. అప్పట్నించీ టార్పాలిన్ కింద నిద్ర. నిరుడు వేసవిలో హైదరాబాదు నుంచి సెలవు మీద వచ్చిన మనవడు, అంటే నా మిత్రుడు, ఆ టార్పాలిన్ లాగేశాడు.

గుప్పెడు మట్టి

"రంగు వేయించి, ఇంజిన్ స్టార్ట్ చేస్తే అయిపోద్ది కదా మేస్త్రీగారూ?" అని అడిగాను మొదటిరోజు. ఆయన నా వైపు జాలిగా చూశారు.

"పేపరు బాబూ, ముసలాయనకి కొత్త పంచె కడితే మోకాళ్ళ నొప్పులు తగ్గుతాయా?"

బీటిల్‌కి బలం కింది పళ్ళెంలో, దానికి రెండు పక్కలా తలుపుల కింద పరుగెత్తే బోలు గొట్టాల్లో ఉంటుంది. చలిదేశాల్లో ఇంజిన్ వేడిని కారు లోపలికి పంపేది ఆ గొట్టాల గుండానే. మనకి ఆ వేడితో పని లేదు గానీ గొట్టాలతో ఉంది. అవి కుళ్ళితే తలుపులు సరిగ్గా పడవు, కారు నడుము వంగుతుంది. పైన ఎంత అద్దంలాంటి రంగు కొట్టినా లోపల తుప్పు తింటూనే ఉంటుంది.

ఆ రోజు నేను అక్కడే ఉన్నాను. కుర్రాడొకడు కట్టింగ్ మిషన్‌తో ఎడమ పక్క గొట్టం కోస్తున్నాడు. నిప్పురవ్వలు. హఠాత్తుగా మేస్త్రీగారు చెయ్యెత్తి మిషన్ ఆపించారు. కోసిన సందులోంచి నేల మీదికి ఏదో రాలుతోంది. తుప్పు అనుకున్నాం. తుప్పు ఎర్రగా ఉంటుంది. ఇది బూడిదరంగులో, మెత్తగా, ఎండిన ఒండ్రుమట్టి!

డాక్టరుగార్ని కుర్చీతో సహా తీసుకొచ్చారు. ఆయన ఆ మట్టిని అరచేతిలోకి తీసుకున్నారు. వేళ్ళతో నలిపారు. వాసన చూశారు. ఎవ్వరూ ఏమీ అడగలేదు. ఆయనా ఏమీ చెప్పలేదు. చాలాసేపటికి మనవడి వైపు తిరిగి, "పారబోయకురా" అన్నారు. అంతే.

ఆ మట్టి ఇప్పుడు ఓ చిన్న సీసాలో ఉంది.

ఉప్పు సంగతి తేల్చింది మాత్రం బందరు గిలకలదిండి హార్బరులో బోటు ఇంజిన్లు బాగుచేసే ఓ పెద్దమనిషి. "ఉప్పుని మంచినీళ్ళతోనే చంపాలండీ. కడగాలి, ఎండబెట్టాలి, మళ్ళీ కడగాలి. కడక్కుండా రంగుతో కప్పెడితే అది లోపల కూర్చుని తింటానే ఉంటది" అన్నాడు. అలాగే చేశారు. తుప్పు పట్టిన రేకులు కోసేసి కొత్తవి వెల్డింగ్ చేసి, బోలు గొట్టాల్లోకి తుప్పు పట్టకుండా మైనం కలిసిన నూనె ఎక్కించారు. పని పట్టింది నాలుగు నెలలు.

బందరు పక్కనే చిలకలపూడి ఉంది కదా, గిల్టు నగలకి పెట్టింది పేరు! బంపర్ల మెరుపు కోసం మనవడు అక్కడ ఓ పూత పనివాణ్ణి అడిగాడు. "ఇంత పొడుగు బంపరు మా తొట్లో పట్టదు బాబూ. ఇది పెద్ద ఊళ్ళో క్రోమియం పనివాళ్ళకి ఇయ్యండి. ఒక్కటే మాట... మెరుపు పూతలో ఉండదు, కింద పట్టిన సానలో ఉంటది" అన్నాడట. ఇంకా నయం, ఆ మాట కొందరు కొత్త హీరోలకి చెప్పలేదు!

తాతా మనవళ్ళ పేచీ

అసలు పేచీ ఇంజిన్ దగ్గర వచ్చింది.

ఈ కారు ఇంజిన్ 1192 సీసీ. సిలిండరు వెడల్పు 77 మిల్లీమీటర్లు, పిస్టన్ కదిలే దూరం 64. శక్తి 34 గుర్రాలు. కంపెనీ లెక్కలోనే టాప్ స్పీడు గంటకి 115 కిలోమీటర్లు. ఇప్పటి చిన్న కార్లు కూడా దీన్ని నవ్వుతూ దాటిపోతాయి.

మనవడి కల వేరు. "1970లో ఇదే కంపెనీ 1584 సీసీ ఇంజిన్ తెచ్చింది బాబాయ్. 50 గుర్రాలు! నాలుగు బోల్టులు విప్పితే ఇది దిగిపోద్ది, అది ఎక్కిపోద్ది. ఇంకా పెద్ద పిస్టన్లు, రెండు కార్బొరేటర్లు... ప్రపంచమంతా చేస్తున్నారు" అన్నాడు. అదీ నిజమే. బీటిల్ ఇంజిన్ దించాలంటే గేరుబాక్సుకి పట్టి ఉంచేవి నాలుగే బోల్టులు. అమెరికా, బ్రెజిల్, మెక్సికోల్లో దీని బలం పెంచడం ఓ పెద్ద వ్యాపారం. మనవాడు ఓ ఇంజిన్‌కి అడ్వాన్సు కూడా ఇచ్చేశాడు.

మేస్త్రీగారు ససేమిరా అన్నారు. కాదనడానికి ఆయన చెప్పిన కారణాలు మూడు. పెన్ను తీసి రాసుకున్నాను.

మొదటిది వేడి. "ఈ ఇంజిన్‌లో మూడో సిలిండరు పాపం అభాగ్యురాలు" అన్నారాయన. ఫ్యాన్ కొట్టే గాలి దారిలో, సరిగ్గా మూడో సిలిండరు పైన, ఆయిల్ కూలరు అడ్డంగా నిలబడి ఉంటుంది. ఆయిల్ వేడంతా పీల్చుకుని వేడెక్కిన గాలే దాని వంతుకొస్తుంది. అందుకే ఈ ఇంజిన్లలో ముందుగా దెబ్బతినేది మూడోదే. కంపెనీకీ ఆ సంగతి తెలుసు. తర్వాతి ఇంజిన్లలో కూలర్ని ఆ దారి నుంచి పక్కకి జరిపింది కూడా. "మన ఎండల్లో, ఈ పాత గాలి ఏర్పాటుతోనే బలం పెంచితే నిప్పు పెరుగుద్ది, గాలి పెరగదు. పొయ్యి మీద మంట పెంచి, కిటికీ మూసినట్టు!"

రెండోది మలుపు. బరువంతా వెనక ఉన్న కారు మలుపులో వేగంగా వెళ్తూ ఉన్నట్టుండి యాక్సిలరేటరు వదిలేస్తే, తోక ముందుకి రావాలని చూస్తుంది. పైగా ఈ పాత మోడళ్ళలో వెనక ఇరుసులు గేరుబాక్సు దగ్గరే మడత పడతాయి. కారు వెనక భాగం పైకి లేస్తే బయటి పక్క చక్రం లోపలికి ముడుచుకుపోతుంది. ఇదేమీ మేస్త్రీగారి చాదస్తం కాదు. అమెరికాలో 1960 మోడలుగా వచ్చిన షెవ్రొలే కార్వేర్ కూడా వెనక ఇంజిన్ కారే, దాని తొలి మోడళ్ళకీ ఇలాంటి ఇరుసులే. 1965లో రాల్ఫ్ నాడర్ కార్ల భద్రత మీద రాసిన పుస్తకంలో మొదటి అధ్యాయమే దాని మీద. దేశమంతా గగ్గోలు పుట్టింది!

మూడోది కాయితం. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, రిజిస్ట్రేషన్ పుస్తకంలో ఉన్నదానికి భిన్నంగా బండిని మన ఇష్టం వచ్చినట్టు మార్చడానికి వీల్లేదు. 2019లో సుప్రీంకోర్టూ అదే చెప్పింది. దాని మీద 2021లో కేంద్రం పాత బండ్లకి 'వింటేజ్' రిజిస్ట్రేషన్ పెట్టింది. 50 ఏళ్ళు దాటిన బండికి 20 వేల రూపాయల ఫీజుతో, పదేళ్ళ గడువుతో, 'వి.ఎ.' అక్షరాలున్న ప్రత్యేక నంబరు ఇస్తారు. కానీ షరతు ఉంది. ఛాసిస్, బాడీ, ఇంజిన్ అసలు రూపంలోనే ఉండాలి. ఆ నంబరు బండిని రోజువారీ తిరుగుళ్ళకి వాడకూడదు కూడా. మామూలు ఆర్.సి. రెన్యూవల్ చేయించుకుంటే ఆ బెడద లేదు గానీ, అక్కడా పుస్తకంలో ఇంజిన్ నంబరూ, బండి మీది నంబరూ ఒకటిగానే ఉండాలి.

"రెండు తలుపులూ తెరిచి ఉండాలంటే ఆ ఇంజిన్ కదలకూడదు" అని తేల్చారు మేస్త్రీగారు.

మనవడు మొహం మాడ్చుకున్నాడు. "అయితే ఎద్దుబండిలా నడవాలా బాబాయ్?"

అంతవరకూ వింటున్న డాక్టరుగారు అప్పుడు నోరు విప్పారు. "ఒరేయ్, నేను డెబ్బై ఏళ్ళ రోగికి పాతికేళ్ళవాడి గుండె పెట్టలేదెప్పుడూ. ఆయాసం తగ్గించాను. కళ్ళు కనపడేట్టు చేశాను. వాడే లేచి నడిచాడు."

మర్నాడు మనవడు వెళ్ళి ఇంజిన్ అడ్వాన్సు వెనక్కి తెచ్చుకున్నాడు.

ఆయాసం తగ్గించడం ఎలా?

'పెర్‌ఫార్మెన్స్' అంటే గుర్రాల సంఖ్యే అనుకునేవాణ్ణి నేను. ఆ షెడ్డులో నా అభిప్రాయం మారిపోయింది. ఏమేం చేశారో చెప్తాను.

మొదట బ్రేకులు. 1965 మోడల్లో నాలుగు చక్రాలకీ కలిపి ఒకటే ఆయిల్ దారి. ఎక్కడ చిల్లు పడినా నాలుగూ పోతాయి! దాన్ని తీసి, ముందుకీ వెనక్కీ విడివిడి దారులున్న మాస్టర్ సిలిండరు బిగించారు. ఒకటి పోయినా ఇంకొకటి ఆదుకుంటుంది. గొట్టాలు, లైనింగులు అన్నీ కొత్తవి. "ఆగలేని బండికి వేగం దేనికి?" అనేది మేస్త్రీగారి మొదటి సూత్రం.

రెండోది పెట్రోలు గొట్టాలు. ఇది పాత బండ్లున్న ప్రతివాళ్ళూ వినాల్సిన సంగతి. ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోల్లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. పాతకాలపు రబ్బరు దానికి ఓర్చుకోలేక మెత్తబడుతుంది, చిట్లుతుంది. ఈ కార్లో ఆ గొట్టం వేడి ఇంజిన్ దగ్గరే ఉంటుంది. చుక్క కారితే మంటే! అందుకని గొట్టాలన్నీ ఇథనాల్‌కి ఆగేవి వేసి, క్లిప్పులు బిగించారు.

మూడోది గాలి. ఇంజిన్ చుట్టూ ఉండే రేకు తొడుగులు విప్పితే లోపల సిలిండర్ల రెక్కల మధ్య ముప్పై ఏళ్ళ దుమ్ము, ఎలుక గూడు! అన్నీ కడిగి, పోయిన రేకు ముక్కల్ని లేత్ షాపు పక్కనున్న టింకరింగ్ ఆయన చేత చేయించి, అంచుల చుట్టూ రబ్బరు పట్టీ కొత్తది వేశారు. ఆ పట్టీ లేకపోతే కింద ఇంజిన్ వదిలిన వేడి గాలినే ఫ్యాన్ మళ్ళీ పీలుస్తుంది. వంద రూపాయల పని, ఇంజిన్ ప్రాణం కాపాడుతుంది.

నాలుగోది నడక. పాత టైర్లు తీసి 15 అంగుళాల రేడియల్ టైర్లు వేశారు. వీటిలో గాలి ముందు 18 పౌన్లు, వెనక 27. ముందూ వెనకా సమానంగా కొట్టించారో, మలుపులో తోక ఊగినట్టే! వెనక ఇరుసుల కింద అడ్డంగా ఓ పట్టీ స్ప్రింగు బిగించారు. చక్రం లోపలికి ముడుచుకుపోకుండా అది పట్టి ఉంచుతుంది. ఏ రోజైనా నాలుగు బోల్టులు విప్పితే తీసేయొచ్చు, బండికి గాటు పడదు.

అయిదోది కళ్ళు. అసలు కారుది 6 వోల్టుల కరెంటు. హెడ్ లైట్లు ఆముదపు దీపాల్లా వెలిగేవట! 12 వోల్టులకి మార్చారు. డైనమో, బల్బులు, వైపర్ మోటారు అన్నీ మార్చాల్సొచ్చింది.

ఇక ఇంజిన్. అదే ఇంజిన్, అదే నంబరు. పిస్టన్లు, సిలిండర్లు అసలు కొలతలోనే కొత్తవి. వాల్వులు సాన పట్టించి, కార్బొరేటరు కడిగి, స్పార్కు టైమింగ్ 10 డిగ్రీలకి సరిచేశారు. ఆయిల్ పట్టేది రెండున్నర లీటర్లే. ఫిల్టరు లేదు, జల్లెడ ఒక్కటే. కాబట్టి కంపెనీ 5 వేల కిలోమీటర్లకి మార్చమన్న ఆయిల్‌ని మేస్త్రీగారు 2500కే మార్చాలని శాసనం చేశారు.

మీరు గమనించారా? ఇన్ని పనుల్లో ఒక్క గుర్రం కూడా అదనంగా కట్టలేదు! పోయిన గుర్రాలే తిరిగొచ్చాయి.

క్లైమాక్సు - ఎర్ర దీపం

ఆర్.సి. రెన్యూవల్ చేతికొచ్చిన ఆదివారం ప్రయాణం. గుడివాడ నుంచి బందరు, అక్కణ్ణించి అవనిగడ్డ. స్టీరింగు ముందు మనవడు. పక్కన డాక్టరుగారు. వెనక మేస్త్రీగారూ, నేనూ. మా వెనకాల ఇంజిన్ కుట్టుమిషన్‌లా టకటకలాడుతోంది.

గుడ్లవల్లేరు దాటాం. కైకాల సత్యనారాయణ గారి కవుతరం దాటాం. కాలవ గట్టు వెంట కొబ్బరిచెట్లు, వరిచేలు. మలుపుల్లో కారు తూలలేదు. మనవడి మొహం వెలిగిపోతోంది. "బాబాయ్, 80లో ఉన్నా తెలీట్లేదు!" అంటున్నాడు. కలంకారీ అద్దకాల పెడన ఇంకాసేపట్లో వస్తుందనగా స్పీడోమీటరులో చిన్న ఎర్ర దీపం వెలిగింది.

"ఛార్జింగ్ లైటు. బ్యాటరీ ఫుల్లుగానే ఉందిలే, బందరు వెళ్ళాక చూద్దాం" అన్నాడు మనవడు.

"ఆపరా!"

డాక్టరుగారి గొంతు అంత గట్టిగా ఉంటుందని నేననుకోలేదు. మనవడు ఉలిక్కిపడి పక్కకి తీసి ఆపాడు. పెద్దాయన అప్పటికే చెయ్యి చాపి తాళంచెవి తిప్పేశారు. ఇంజిన్ ఆగిపోయింది.

వెనక మూత ఎత్తితే ఫ్యాన్ బెల్టు తెగి కింద వేలాడుతోంది!

మేస్త్రీగారు చెప్పారు అసలు సంగతి. ఈ కార్లో డైనమోకీ, ఇంజిన్‌ని చల్లబరిచే ఫ్యాన్‌కీ ఇరుసు ఒకటే. రెండిటినీ తిప్పేది ఆ ఒక్క బెల్టే. వేరే కారులో ఎర్ర దీపం వెలిగితే బ్యాటరీ సంగతి. ఇందులో వెలిగిందంటే గాలి ఆగిపోయిందని అర్థం. ఇంకొన్ని నిమిషాలు అలాగే తోలి ఉంటే ముందు మూడో సిలిండరు, ఆ తర్వాత మొత్తం ఇంజిన్, దాంతోపాటు ఆ నంబరు... అన్నీ గోవిందా! ఎనిమిది నెలల శ్రమ బూడిదయ్యేది.

"మేస్త్రీ! ముందు బానెట్‌లో చూడు. స్పేర్ బెల్టు లేకుండా నేనెప్పుడూ ఈ కారు బయటికి తియ్యలేదు" అన్నారు డాక్టరుగారు.

మేస్త్రీగారు మొహమాటంగా నవ్వి, తన సంచీలోంచి కొత్త బెల్టు తీశారు. "నేనూ అంతేనండీ." పావుగంటలో బెల్టు వేశారు. కప్పీ రెండు చిప్పల మధ్య పల్చటి వాషర్లు ఉంటాయి. ఒకటి తీస్తే బెల్టు బిగుస్తుంది, ఒకటి వేస్తే వదులవుతుంది. ఆ లెక్క ఆయన వేళ్ళకి కంఠతా వచ్చు. కొత్తగా వేసిన పాత బెల్టు ఎందుకు తెగిందంటారా? కప్పీ అంచు మీద కంటికి కనపడని ఓ గరుకు. అక్కడే రోడ్డు పక్కన కూర్చుని ఆకురాయితో సాన పట్టారు. మెరుపు కింది సానలో ఉంటుందన్న చిలకలపూడి మాట గుర్తొచ్చింది నాకు.

ఆ పావుగంటా మనవడు ఒక్క మాట మాట్లాడలేదు. మళ్ళీ స్టీరింగు ముందు కూర్చున్నాక మెల్లిగా అడిగాడు. "తాతయ్యా, ఆ దీపానికి అంత అర్థం ఉందని నీకెలా తెలుసు?"

"డాక్టర్ని కదరా! రోగి ఎప్పుడు మూలిగితే భయపడాలో తెలుసుకోకపోతే ఎలా?"

పులిగడ్డ దాటాక

బందరులో లడ్డూలు కొన్నాం. చల్లపల్లి, మోపిదేవి మీదుగా పులిగడ్డ దగ్గర కృష్ణ పాయ దాటుతుంటే డాక్టరుగారు అద్దం పూర్తిగా దించమన్నారు. తడి మట్టి వాసన. ఆయన ఊళ్ళో పాత ఇల్లు లేదు, షెడ్డూ లేదు. ఆ చోట ఇప్పుడు ఎవరిదో కొత్త డాబా. కారు ఆపి ఇంజిన్ కట్టేయబోతే, "ఉండనీరా కాసేపు" అన్నారు.

ఆయన దిగి, చేతికర్ర ఊతంగా కారు వెనక్కి వెళ్ళి నిలబడ్డారు. మూత మీద చెయ్యి వేశారు. టకటకటక... ఎక్కడా తప్పని లయ. ఓ ముసలావిడ గుమ్మంలోంచి తొంగిచూసి, కళ్ళు చిట్లించి, కారుని గుర్తుపట్టింది. మనిషిని కాదు, కారునే ముందు! "డాక్టరు గారి తాబేలు కారు కదూ ఇది! ఆ ఏడు మా పిల్లోడికి పాలపొడి తెచ్చింది..." అంటూ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

1584 సీసీ ఇంజిన్ ఉంటే ఆ ఊరికి ఓ పావుగంట ముందే చేరేవాళ్ళమేమో. కానీ ఆవిడ గుర్తుపట్టిన ఆ శబ్దం మాత్రం వేరేగా ఉండేది!

మీ పెరట్లోనూ ఓ పాత బండి ఉందా?

కుర్ర పాఠకులకి మేస్త్రీగారు పంపిన సలహాలు ఇవి, ఉన్నవి ఉన్నట్టు: "ముందు కాయితాలు చూస్కోండి. తర్వాత తుప్పు. తర్వాత బ్రేకు. తర్వాత పెట్రోలు గొట్టం. ఆఖర్న ఇంజిన్. రంగు ఆ తర్వాతే. మార్పు చేస్తే మళ్ళీ విప్పి పాతది పెట్టుకునేట్టు చెయ్యండి. పెద్దది మార్చాలంటే ఆర్టీఓ ఆఫీసులో అడిగి చెయ్యండి. స్పేర్ బెల్టు లేకుండా గడప దాటకండి."

అన్నట్టు, ఆ టీ కుర్రాడు ఇప్పుడు మేస్త్రీగారి దగ్గరే పనికి చేరాడు. షెడ్డుకి ఎవరైనా కొత్తవాళ్ళొచ్చి బానెట్ తెరిస్తే చాలు, గర్వంగా అడ్డుపడతాడు. "అక్కడ కాదండీ... ఇంజిన్ వెనకుంటది!"